పోటుకు మునిగి పాటుకు తేలే నేల ఎవరిది? కాకినాడ ఇసుక తిన్నెల గురించి ఒక బహిరంగ లేఖ

అడవి, రెవెన్యూ, రేవు, పర్యాటకం చూసే అధికారులకు. జెట్టీ నుంచి టూరిస్టు బోట్లు నడిపే మావాళ్లకు. ఆదివారం పెద్ద లెన్సులు భుజాన వేసుకుని వచ్చే తమ్ముళ్లకు,

నమస్కారం. నాది జగన్నాథపురం, బోటు ఇంజన్లు బాగుచేస్తాను. పక్షుల గురించి చదువుకున్నవాణ్ణి కాదు. పన్నెండేళ్ల కిందట కాకినాడకు ఎదురుగా ఉన్న ఇసుక దీవి హోప్ ఐలాండ్ దగ్గర ఒక బోటు ఆగిపోతే రిపేరుకి వెళ్లాను. పాటు వేళ, వెలుతురు తగ్గుతోంది, సరంగు బీడీ వెలిగించుకున్నాడు, నేను ఫిల్టరు విప్పి డీజిల్లో కడుగుతున్నాను. అప్పుడు బోటు పక్కనే నీటికి జానెడు ఎత్తున ఒక పిట్ట నోరు తెరుచుకుని ఎగురుకుంటూ పోయింది. కింది ముక్కు నీళ్లలోనే ఉంది. బట్టల కొట్టువాడు గుడ్డ మీద కత్తెర తోసినట్టు నీటి మీద సన్నగా గీత పడుతూ పోయింది. కాస్త దూరం వెళ్లి, వెనక్కి తిరిగి, మళ్లీ అదే గీత మీద వచ్చింది. టప్‌మని నోరు మూసింది. చేప!

ఆ రోజు ఇంజన్ స్టార్టయ్యేసరికి రాత్రి ఎనిమిదైంది. తప్పు ఫిల్టరుది కాదు, నాదే.

దాని పేరు ఇండియన్ స్కిమ్మర్ అని తర్వాత తెలిసింది. హిందీలో పన్‌చీరా అంటారట, నీటిని చీరేది అని. నేను కత్తెరముక్కు అంటాను, మీకు ఇష్టమైతే మీరూ అనండి. నెత్తిన నల్లటి టోపీ, తెల్లటి మెడ, ఎర్రటి కాళ్లు, నారింజ రంగు ముక్కు, దాని కొసన పసుపు. అన్ని పిట్టలకూ పై ముక్కు పొడుగో రెండూ సమానమో ఉంటే, దీనికి కింది ముక్కు పొడుగు. పిల్లప్పుడు రెండూ సమానంగానే ఉండి, పెరిగే కొద్దీ కిందిది సాగుతుంది. ఒకసారి నైలాన్ దారం చుట్టుకుని ఎగరలేకపోతున్నదాన్ని చేతిలోకి తీసుకున్నాను. ఆ కింది ముక్కు ముందు నుంచి చూస్తే ఉందా లేదా అన్నంత పల్చన, బ్లేడుని నిలబెట్టినట్టు. కంటిపాప గుండ్రంగా లేదు, ఎండలో పిల్లి కన్నులా నిలువు గీత. దారం కోసి వదిలాను, ఇసుక మీద కాసేపు కూర్చుని వెళ్లిపోయింది.

ఇది నది పిట్టా, సముద్రం పిట్టా అని అడుగుతారు. రెండూ. గల్లులు, టెర్నులు అనే నీటి పక్షుల కుటుంబమే. ఎండాకాలంలో చంబల్ లాంటి నదుల్లో, ఒడిశాలో కటక్ దగ్గర ముండలి వద్ద మహానదిలో, ఏటి మధ్య దిబ్బల మీద గుడ్లు పెడుతుంది. ఆ ఇసుక కాలితే మనం కాలు పెట్టలేం, అలాంటి చోట పొట్ట నీళ్లలో తడుపుకొచ్చి గుడ్ల మీద కూర్చుని చల్లబరుస్తుంది. శీతాకాలం వచ్చేసరికి కొన్ని మన గోదావరి ముఖద్వారానికి చేరతాయి. చంబల్ నుంచి ఇక్కడికి పక్షి దారిలో కొలిచినా వెయ్యి కిలోమీటర్లు దాటుతుంది. ప్రపంచం మొత్తం మీద పెద్ద పిట్టలు 2,450 నుంచి 2,900 మధ్య ఉంటాయని అంచనా. 2020లో వీటిని ఎండేంజర్డ్, అంటే అంతరించిపోయే ప్రమాదం ఉన్నవాటి జాబితాలోకి మార్చారు. మా చేపల బజారులో ఆదివారం పొద్దున్న ఇంతకన్నా ఎక్కువ మంది తోసుకుంటారు.

సరే, లేఖ ఎందుకంటే.

పోయిన జనవరిలో ఒక ఆదివారం పొద్దున్న, ఆరున్నర నుంచి ఏడుంబావు దాకా, పాటుకు తేలిన ఒక తిన్నె మీద వందకు పైగా కత్తెరముక్కులు ఒకే వైపు మొహం పెట్టి పడుకుని ఉన్నాయి. ఇవి ముఖ్యంగా సంజెవేళ, రాత్రి వేటాడే పిట్టలు, పగలు వాటికి నిద్ర. ఆ ముప్పావు గంటలో వాటిని తొమ్మిదిసార్లు లేపారు. రెండు బోట్లు, ఒక డ్రోను, ఎగురుతున్న ఫొటో కావాలని చప్పట్లు కొట్టిన ఒకాయన. స్పానర్లు చుట్టుకునే గుడ్డ మీద బాల్‌పెన్నుతో గీతలు పెట్టి లెక్కపెట్టాను, ఆ గుడ్డ ఇప్పటికీ నా టూల్‌బాక్సులో ఉంది. తొమ్మిదోసారి లేచినవి మళ్లీ దిగలేదు.

తర్వాత మూడు ఆఫీసులకు మూడు అర్జీలు ఇచ్చాను. ఏ ఆఫీసులో రాయను, మనుషుల మీద కోపం లేదు, ఒకాయన కూర్చోబెట్టి టీ కూడా ఇప్పించాడు. మొదటి చోట, "అది అభయారణ్యం హద్దు లోపలో బయటో చూడాలండి" అన్నారు. రెండో చోట సర్వే నంబరు అడిగారు. మూడో చోట, "పోటుకు మునుగుతుందన్నావు గదా, అయితే అది సముద్రమే, మాది కాదు" అన్నారు. అర్జీలకు రసీదులు ఉన్నాయి, జవాబులు లేవు. ఎనిమిది నెలలయింది.

అంటే రోజుకు రెండుసార్లు తేలి రెండుసార్లు మునిగే నేల ఎవరి ఫైల్లోనూ లేదు. పొరపాటున అది అమ్మకానికి పనికొచ్చే నేల అయితే ఈపాటికి నలుగురు హక్కుదారులు, రెండు స్టేలు ఉండేవి. పిట్టలు పడుకునే నేల కాబట్టి ఎవరిదీ కాదు. అందుకే ఇప్పుడు అందరికీ కలిపి రాస్తున్నాను.

1. ముందు ఆ నేల ఎవరిదో తేల్చండి. చట్టం లేదని చెప్పొద్దు. 2019 సీఆర్‌జెడ్ (సముద్ర తీరంలో ఏం చేయొచ్చో ఏం చేయకూడదో చెప్పే) నోటిఫికేషన్లో పోటు గీతకీ పాటు గీతకీ మధ్య ఉన్న నేలకు ఒక పేరే ఉంది, 1బి. మడ అడవి, జీవం ఉన్న బురద మేటలు, తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లు, పక్షులు గూళ్లు పెట్టే చోట్లు అంతకన్నా గట్టి రక్షణ ఉన్న 1ఎ. ఇక కోరంగి అభయారణ్యం 1978 నుంచీ ఉంది, 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. దానికి ఆనుకుని ఉన్న సర్కారు నేలను, స్థానికులతో మాట్లాడి, కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటించడానికి వన్యప్రాణి చట్టం 36ఎ సెక్షన్ వీలిస్తోంది. స్థానికులతో మాట్లాడి అన్న మాట చట్టంలోనే ఉంది, అది నాకు బాగా నచ్చింది. లక్షద్వీప్‌లో కవరత్తికి అవతల పిట్టి అని ఒక చిన్న దీవి ఉంది (పేరు చూడండి, మనవాళ్లే పెట్టారా అనిపిస్తుంది), అంతా కలిపి మూడెకరాలు, చెట్టు లేదు, మనిషి లేడు, సముద్రం పిట్టలు తప్ప. దానికి రక్షణ ఉంది. మూడెకరాలకు ఉన్న భాగ్యం మన తిన్నెలకు ఎందుకు ఉండదు?

నేను అడిగేది: తిన్నెల బాధ్యత చూసే ఒక అధికారి, ఒక ఫోన్ నంబరు, జెట్టీ దగ్గర బోర్డు మీద. కమిటీ వద్దు. కమిటీ వేస్తే నాలుగో అర్జీ పెట్టాలి.

2. బోట్ల సంగతి. మావయ్యలూ, బావలూ, మీ ఇంజన్లే నా అన్నం. టూరిస్టులను ఆపమని నేను రాయలేను, రాయను కూడా. ఒక ట్రిప్పు పోతే ఇంట్లో ఏం తగ్గుతుందో నాకు తెలుసు. కానీ మన కులపోళ్లే, సముద్రం మీద బతికేవాళ్లే, ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట ఆపి ఒడ్డున కూర్చుంటున్నారు. చేప గుడ్డు పెట్టుకోవాలి గనక. తిండి మానుకుని వాళ్లు ఆపగలిగినప్పుడు, సరదాకి వెళ్లే బోటు తిన్నెకు వంద మీటర్ల అవతలే ఆగితే ఎవరి కొంప మునుగుతుంది? నవంబరు నుంచి మార్చి దాకానే. వంద మీటర్లు ఎలా తెలుస్తుందంటే, నాలుగు వెదురు గెడలకు ఎర్ర గుడ్డ కట్టి పాతితే చాలు, వలలకు గుర్తులు పెట్టుకోవడం మనకు ఒకరు నేర్పాలా? అక్కడికి వచ్చేముందే గేరు తగ్గించండి. పిట్టలను ఎక్కువ బెదరగొట్టేది ఇంజన్ చప్పుడు కాదు, చప్పుడు ఉన్నట్టుండి మారడం. ఒకే తీరుగా నెమ్మదిగా పోయే వల బోటును అవి పట్టించుకోవు, పన్నెండేళ్లుగా చూస్తున్నాను. స్పీకర్లో పాట మారినా, థ్రాటిల్ తొక్కినా లేస్తాయి.

పిట్టలు లేకపోతే టూరిస్టుకు చూపించడానికి ఏం మిగులుతుంది, ఇసుకా, చిప్స్ కవర్లూనా?

3. తమ్ముళ్లూ, కెమెరా తమ్ముళ్లూ. మీలో చాలామంది మంచి పిల్లలు. ఈ పిట్ట పేరు నాకు చెప్పింది కూడా మీలాంటి ఒక పిల్లాడే. కానీ ఎగురుతున్న ఫొటో కోసం పడుకున్నవాటిని లేపడం మానండి. అర్ధరాత్రి దాకా షిఫ్టు చేసి వచ్చి పడుకున్న మీ నాన్నను ఫొటో బాగా వస్తుందని లేపుతారా? సాయంత్రం ఐదున్నర దాటాక ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర కదలకుండా కూర్చోండి, అవే వస్తాయి, మీ ముందు నుంచే గీత గీసుకుంటూ పోతాయి. డ్రోను మాత్రం అసలు వద్దు, వాటి కంటికి అది గద్ద.

4. వల తెగితే ముక్క నీళ్లలో వదలకండి. దారం చుట్టుకుని నాకు కనపడిన మూడు పిట్టల్లో నేను కోసి వదిలినది ఒక్కటే బతికింది, మిగతా రెండూ బతకలేదు. ఒడ్డున వదిలేసిన కుక్కల సంగతి మునిసిపాలిటీకి వేరే రాస్తాను.

5. ఇప్పుడు అసలు విషయం, బురద. బయటివాళ్లకు కాకినాడ బురద అంటే కంపు. మాకు అది కూడు. పాటుకు నీళ్లు తీశాక మోకాలి లోతు బురదలో వంగి గుల్లలేరే ఆడవాళ్లను మీరు చూసే ఉంటారు, ఒక చేత్తో కొంగు బొడ్లో దోపుకుని, రెండో చేత్తో బురదను తడుముతూ, కంటితో కాదు వేళ్లతో చూస్తూ. ఆ గుల్లల మాంసం అమ్ముతారు, చిప్పలు సున్నం బట్టీకి పోతాయి. పూర్వం మన మేడలకు పూసింది ఆ గుల్ల సున్నమే. రొయ్య పిల్ల, పీత పిల్ల, చేప పిల్ల పెరిగేది ఆ బురదలో, పక్కనున్న మడలో. కత్తెరముక్కు పట్టేది కూడా మొగ దగ్గర పైపైన తిరిగే ఆ చిన్న చేపనే. దాని కోసం ప్రత్యేకంగా దాచాల్సింది ఏమీ లేదు, గుల్లలేరే మా అత్త కోసం దాచితే దానికీ దక్కుతుంది.

మరి మనం ఏం చేస్తున్నాం? ఎక్కడ కాస్త బురద కనపడితే అక్కడ మట్టి తోలుతున్నాం. 2020లో దుమ్ములపేట వైపు ఇళ్ల స్థలాల కోసం మడ కొట్టి పూడ్చడం మొదలుపెడితే, ఆ గొడవ గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. పేదవాడికి ఇల్లు వద్దని ఎవరూ అనరు, నాది కూడా అద్దె ఇల్లే. కానీ సముద్రం వచ్చిపోయే చోట ఇల్లిస్తే తుఫాను రోజు ఆ ఇంట్లో ఉండేది కాగితం మీద సంతకం పెట్టినాయన కాదు. 1839 నవంబరులో వచ్చిన తుఫానుకు కోరంగి రేవు ఎలా తుడిచిపెట్టుకుపోయిందో మనకు వేరేవాళ్లు చెప్పక్కర్లేదు. ఒకప్పుడు ఓడలు కట్టిన ఊరు అది. 1996 తుఫాను నేను చిన్నవాణ్ణయినా గుర్తుంది. మడ వెనకాల కట్టిన పడవలు, మడ లేనిచోట కట్టిన పడవలు, మర్నాడు ఏది ఎలా ఉందో మా నాన్న చెయ్యి పట్టుకుని చూపించాడు.

నేను అడిగేది: తిన్నెలు, బురద మేటల మీద మట్టి, డ్రెడ్జింగ్ బురద, చెత్త ఏది పోయాలన్నా ముందు ఏటిమొగ, దుమ్ములపేట, తాళ్ళరేవు వైపు గుల్లలేరేవాళ్లను, చిన్న పడవలవాళ్లను పిలిచి తెలుగులో చెప్పండి. మొన్నొక నోటీసు ఇంగ్లీషులో, కంప్యూటర్ అక్షరాల్లో, తాళం వేసి ఉన్న గది తలుపుకు అంటించి ఉండగా చూశాను. చదవడానికి నేను పక్కింటి డిగ్రీ అమ్మాయిని తీసుకెళ్లాల్సి వచ్చింది.

6. చివరిది పిట్ట కన్నా పెద్దది, నా తాహతుకు మించినది, అయినా రాస్తాను. హోప్ ఐలాండ్ ఆకాశం నుంచి ఊడిపడలేదు. గోదావరి తెచ్చిన ఇసుకను అలలు ఉత్తరంగా తోసి తోసి రెండు వందల ఏళ్లలో కట్టిన కట్ట అది, పదహారు కిలోమీటర్ల పైన. అది అడ్డం ఉండబట్టే లోపల నీళ్లు చెరువులా ఉంటాయి, ఓడలు నిశ్చింతగా నిలబడతాయి, రేవుకు పేరొచ్చింది. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టేదీ ఆ ఇసుకలోనే. ఆ ఇసుక ఇప్పుడు రావడం తగ్గింది. పైన ఆనకట్ట మీద ఆనకట్ట కట్టుకుంటూ వస్తే ఒండ్రు అక్కడే ఆగుతుంది. 1970ల్లో గోదావరి మోసుకొచ్చిన ఒండ్రులో సగం కూడా 1990ల్లో సముద్రానికి చేరలేదు. దానికి తోడు రాజమండ్రి దాకా ఎక్కడ చూసినా లారీల్లోకి ఎత్తుకునే ఇసుక. పక్కనే ఉప్పాడ ఉంది, తుఫాను తుఫానుకీ రోడ్డు విరుగుతుంది, ఇళ్లు అలల్లో కలుస్తాయి, రాళ్లు పోస్తారు, మళ్లీ విరుగుతుంది. రాళ్లు పోసిన డబ్బు లెక్క ఎప్పుడైనా బయటపెడితే చదవాలని ఉంది.

ఆనకట్టలు కూల్చమని నేను అడగను, మా వదినవాళ్ల పొలానికి నీళ్లు వచ్చేది ధవళేశ్వరం నుంచే. కానీ పోలవరం దగ్గర గేట్లు దించేటప్పుడు, ఎత్తేటప్పుడు కిందికి ఎంత ఇసుక వదలాలి అన్న లెక్క కూడా ఎవరైనా వేస్తున్నారా? వేస్తే మాకు చెప్పండి. వెయ్యకపోతే వెయ్యండి. తిన్నె ఏటేటా ఎంత పెరిగిందో, ఎంత కరిగిందో శాటిలైట్ ఫొటోలతో చూసి ఏడాదికొకసారి జెట్టీ దగ్గర అంటించండి, మాకు బొమ్మ చూడటం వచ్చు.

చంబల్ వైపు ఎండాకాలంలో ఈ పిట్ట గూళ్లకు ఊరివాళ్లనే కాపలా పెట్టుకుంటున్నారు, పశువులు తొక్కకుండా, కుక్కలు రాకుండా. వాళ్లు అక్కడ గుడ్డు కాచి పంపిన పిల్ల ఇక్కడికొచ్చి, మన దగ్గర నిద్రలేక, ఒళ్లు తగ్గి, మళ్లీ వెయ్యి కిలోమీటర్లు ఎగరలేక ఎక్కడో పడిపోతే ఆ కాపలా కాసినవాడి కూలి దండగే గదా. మన దగ్గర కూడా అలాంటి కాపలా పెట్టొచ్చు. ఐదు నెలలకు నలుగురు మనుషులు చాలు, మా రేవులో వేట మానేసిన ముసలి సరంగులు ఉన్నారు, వాళ్లకు ఏ తిన్నె ఎప్పుడు తేలుతుందో పంచాంగం అక్కర్లేకుండా తెలుసు. జీతం మరీ ఎక్కువ అడగరు, కాకపోతే బీడీలు ఎక్కువ కాలుస్తారు.

నవంబరు మొదటి వారానికి పిట్టలు వస్తాయి. ఈలోపు మూడు పనులు చేయండి చాలు: ఒక బాధ్యుడు, వెదురు గెడలు, నలుగురు కాపలావాళ్లు. మిగతావి నెమ్మదిగా మాట్లాడుకుందాం.

సర్వే నంబరు అడిగిన సారుకు ప్రత్యేకంగా ఒక మాట. నంబరు నా దగ్గర లేదు గానీ నేల చూపించగలను. నవంబరులో పొద్దున్నపూట పాటు పడే రోజు ఒకటి చూసి చెబుతాను. ఆ రోజు ఐదింటికి జగన్నాథపురం వంతెన దగ్గరికి రండి, ప్యాంటు మోకాళ్ల దాకా మడవాలి, బూట్లు వద్దు. బోటు మా బావది, డీజిల్ నాది, నలుగురికి చోటుంది. మీ సర్వేయరునూ, గొలుసునూ తెచ్చుకోండి. ఎనిమిదిన్నర లోపు కొలిచెయ్యాలి, తర్వాత మునిగిపోతుంది.

ఇట్లు,
జగన్నాథపురం బోటు మెకానిక్